హిందీలో వినబడ్డ గొంతు

ఫోను తెర మధ్యలో గుండ్రం తిరుగుతూనే ఉంది.

"గిది ఎప్పుడాగుతది?" అడిగాడు పరశురాములు.

"దానికి బుద్ధి పుట్టినప్పుడు సార్," అంది జ్యోతిరాణి. ఆమె కళ్లు తెర మీద లేవు. తలుపు మీద ఉన్నాయి.

రేకుల కప్పు మీద టప్పున రాయి పడింది. ఇద్దరూ తలెత్తలేదు. పొద్దుటి నుంచి పడుతూనే ఉన్నాయి. అలవాటైన భయం ఉలికిపడదు, లోపల్లోపల కొరుకుతుంది.

పరశురాములుకు యాభై దాటాయి. హోంగార్డు ఉద్యోగం ఊడాక కరీంనగర్ బస్టాండు వెనక ఒక గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు కొట్టించాడు. బోర్డు పెద్దది, పని చిన్నది. పిల్లగాడు తాగుతాడా, పిల్ల ఎవరితోనైనా తిరుగుతుందా అని పెళ్లివారి తరఫున ఆరా తీయడం. చావు కేసు అతని గుమ్మం తొక్కడం ఇదే మొదలు. అదీ, చంపాడని ఊరంతా నమ్మిన మనిషి తరఫున.

ఆ మనిషి జమ్మికుంటలోని ఈ ఇంట్లోనే, లోపలి గదిలో ఉన్నాడు. పేరు అంతయ్య, జ్యోతిరాణి తండ్రి. దారాలు కట్టి, విభూతి పెట్టి, పిల్లల జ్వరాలకు ధూపం వేసే ముసలాయన. కూతురు గది బయట గొళ్లెం పెట్టి దానికి అడ్డంగా బియ్యం డబ్బా జరిపింది. వచ్చేవాళ్లకు ఆ డబ్బా అడ్డమా? కాదని ఆమెకూ తెలుసు.

"పొద్దుమీకి, దీపాలు వెట్టే యాల్లకు వస్తమన్నరు. ముసలోన్ని మీరే పంపుతరా, మేమే తీస్కపోవాల్నా అని అడిగిపోయిన్రు. తీస్కపోయి ఏం జేస్తరో చెప్పలే." జ్యోతిరాణి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూడేండ్ల సంది ఎవ్వరూ ఏమనలే సార్. గీ దిక్కుమాలిన సినిమా వచ్చినంకనే గిదంత."

అది సినిమా కాదు, డాక్యుమెంటరీ. 'అమావాస్య ఒడ్డు' అని పేరు. నెల కింద యాప్‌లో వదిలారు. మూడేళ్ల కింద ఇదే జమ్మికుంట నుంచి మాయమైన నవనీత అనే పిల్ల, ధర్మపురి దగ్గర గోదావరిలో శవమై తేలింది. నీళ్లలో నానిన ఒంటి మీద పోలీసులకు ఏమీ దొరకలేదు. కేసు అటకెక్కింది. ముంబై నుంచి వచ్చినవాళ్లు దాన్ని అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, నాలుగు భాగాలుగా కోసి, మధ్యలో సంగీతం కూరి అమ్మారు. పిల్ల మాయమైన మూడో రోజున వచ్చిన అమావాస్య నాడు పెద్దలకు నీళ్లు వదలడానికి అంతయ్య కూడా ధర్మపురి పోయాడు. ఎవరి ఫోనులోనో పడ్డాడు, చేతిలో పొగలు కక్కుతున్న ధూపపు మూకుడుతో. నరబలి కథ అల్లడానికి ఇంకేం కావాలి?

గుండ్రం ఆగింది. సిమెంటు ప్రకటన వచ్చింది. తర్వాత ఆన్‌లైన్ రమ్మీ. తర్వాత మళ్లీ సిమెంటు. మనిషి ప్రాణం పోతున్నా ప్రకటన దాటనివ్వని దుకాణం ఇది. పరశురాములు పళ్లు నూరాడు.

చివరికి మూడో భాగం మొదలైంది. శవంతో దొరికిన నవనీత సంచీలోని ఫోనును ముంబైలో ఎవరో బాగు చేస్తే, అందులో పంపకుండా ఉండిపోయిన ఒక వాయిస్ మెసేజ్ దొరికిందట. చనిపోయేముందు తల్లికి చెప్పిన మాటలట. తెర నల్లబడింది. వార్తలు చదివే పిల్లలాంటి గొంతు, ఒత్తులతో సహా పలికింది:

"అమ్మా... ధూపం... ధూపం వేస్తున్నారు..."

వెనక గంట మోగింది. టంగ్. టంగ్. తెర మీద అంతయ్య మొహం, మూకుడు, పొగ.

"గిది నవనీత గొంతు కాదు," అంది జ్యోతిరాణి. "నాతోని ఇస్కూల్ల చదివిన పిల్ల సార్. ఎన్నడన్న అమ్మా అన్నదా? అవ్వా అనేది."

"డబ్బింగు. హైదరాబాదుల ఎవరో చెప్పి ఉంటరు. అసలు గొంతేది?"

దానికి జవాబుగా తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ ఖాతా మరో పరికరంలో వాడుకలో ఉంది. ఒక్కసారి ఒక్కరే చూడగలరు.

"మల్ల ఎల్లగొట్టింది," నిట్టూర్చింది ఆమె. "వినోదక్క మొబైల్ దుకాణంల తీస్కున్నం సార్. నలుగురికి గలిపి ఒకటే అకౌంటు. ఒకరు జూస్తుంటే ఇంకొకరిని బయటవడేస్తది. నెల సంది గిదే పరేషాన్. ఎప్పుడు వెట్టినా అవతల ఎవరో జూస్తనే ఉంటరు."

పరశురాములు కాసేపు ఆగి మళ్లీ నొక్కాడు. 'ఎవరు చూస్తున్నారు?' అని నాలుగు బొమ్మలు వచ్చాయి. జ్యోతి. నవ్యశ్రీ. వినోద. నాలుగోదానికి పేరు లేదు, అంకె మాత్రమే. 4. అతని మోటు వేలు జ్యోతి మీద పడబోయి నాలుగు మీద పడింది.

ఆ నాలుగో మనిషి చూసింది ఒక్కటే. 'అమావాస్య ఒడ్డు', మూడో భాగం. కింద ఎర్రగీత సరిగ్గా ఆ చోటే ఆగి ఉంది. నల్ల తెర దగ్గర.

నొక్కాడు. హిందీలో మొదలైంది. ఎవరో మగమనిషి గంభీరంగా ఏదో అన్నాడు. తెర నల్లబడింది. కింద హిందీ అక్షరాలు. పైన ఈసారి డబ్బింగు లేదు.

బొంగురుపోయిన, నాలుక పిడచకట్టిన గొంతు. అసలుది.

"అవ్వా... దూప... దూపైతుందే... అవ్వా..."

జ్యోతిరాణి ఫోను మీదికి వంగింది. పరశురాములు వీపు మీద మే నెల ఉడుకులోనూ చలి పాకింది.

గొళ్లెం పెట్టిన గదిలోంచి అంతయ్య గొంతు వినబడింది. అతనికి ఫోను కనబడదు, ఏం నడుస్తుందో తెలియదు. "ఎవలే బిడ్డా అది? ఎవలో పోరి దూపైతుందంటుంది. గన్ని నీళ్లియ్యరాదే?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ధూపం కాదు. దూప. దాహం. ఆ పిల్ల నీళ్లు అడిగింది. ముంబైలో కూర్చున్నవాడు దూపను హిందీ ధూప్ అనుకున్నాడు. హైదరాబాదులో వాడు హిందీ ధూప్‌ను తెలుగు ధూపం చేశాడు. రెండు ఊళ్లు తిరిగి వచ్చేసరికి దాహంతో చచ్చిన పిల్ల నరబలి అయిపోయింది. జమ్మికుంటలో ఎవరు విన్నా ఒక్క క్షణంలో చెప్పేవాళ్లు. కానీ జమ్మికుంటలో హిందీ పెట్టుకుని చూసేదెవరు?

ఒక్కడు చూశాడు. ఆ నాలుగోవాడు.

"మల్ల వెట్టున్రి సార్, మీ ఫోన్ల రికార్డు పట్టున్రి!"

తన ఫోను తీసి దగ్గర పెట్టాడు. గుండ్రం. తర్వాత అవే అక్షరాలు. ఈ ఖాతా మరో పరికరంలో వాడుకలో ఉంది.

అవతల ఎవరో మళ్లీ చూస్తున్నారు. ఈ క్షణాన, అదే చోట.

"నా ఫోన్ల గూడ గీ అకౌంటు ఎక్కియ్యి," అన్నాడు పరశురాములు. "నాలుగోడెవడో వినోదను అడుగు. నువ్వు ఊకెనే మల్ల మల్ల పెట్టుకుంట ఉండు. పొద్దుమీకి వాళ్లొస్తె తలుపు తియ్యకు. కిటికీలకెల్లి నాలుగో బొమ్మ ఒత్తి, హిందీల ఇనిపియ్యి. వాళ్లందరి చెవులు జమ్మికుంట చెవులే."

"నడవకపోతే?"

పరశురాములు చెప్పులు తొడుక్కున్నాడు.

* * *

నవనీత తల్లి సారక్క అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. పక్కన కుర్చీలో ఆమె మరిది కొమురెల్లి. పత్తి మార్కెట్లో కమీషను దుకాణం ఉన్నవాడు. తెల్ల చొక్కా, మెడలో నల్ల తాడులా వేలాడే ఇయర్‌ఫోను, జేబులోంచి తొంగిచూస్తున్న టీవీ రిమోటు.

"అంతిగాని పక్షాన వచ్చినవా అయ్యా?" సారక్క తలెత్తలేదు. "వచ్చినతొవ్వ వట్టి పో."

"ఇంటికొచ్చిన మనిషి వదినె," అన్నాడు కొమురెల్లి మెల్లగా. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి రెండు చేతులా ఇచ్చాడు. "తాగున్రి సారూ. ఎండల వడి వచ్చిన్రు."

పరశురాములు తాగాడు. చల్లటి నీళ్లు. గొంతు దిగుతుంటే ఆ బొంగురు గొంతు గుర్తొచ్చి సగంలో ఆపేశాడు.

"అక్కా, ఒక్కటే అడుగుత. పిల్ల ఇంట్లకెల్లి పోయిన్నాడు ఎవరెవరున్నరు?"

"నేనొక్కదాన్నే. అమాసకు మూడొద్దుల ముందు, పొద్దున బువ్వ తిని జాకెట్ కుట్టిపిచ్చుకొస్త అని పోయింది. మల్ల రాలే."

"మీ మరిది?"

"ఊళ్లెనే లేడు. ఆదిలాబాద్ పోయిండు. దానికి సంబంధం జూడనీకే పోయిండాయె. పిల్ల మాయమైనదని ఫోన్ జేస్తే గూడ మాటలు ఖాయం జేసుకొనే వచ్చిండు." ఆమె చేతిలో గింజ జారిపోయింది. "పిలగాడు మంచోడట. ఫోటో గూడ తెచ్చిండు. ఎవరికి సూపెట్టాలె?"

కొమురెల్లి నేల చూపులు చూశాడు.

"గా ఫోను సినిమావాళ్లకు ఎవరిచ్చిన్రు?"

"నేనే ఇచ్చిన. ప్రేమ్‌సాగర్ అని ఒగాయన అచ్చి కాళ్లావేళ్లా వడ్డడు. ఖరాబైన ఫోను, పెట్టుకోని ఏంజేత్త అని ఇచ్చిన."

"నాతోని ఒక మాట చెప్పొద్దా వదినె," అన్నాడు కొమురెల్లి. కసురుకున్నట్టు కాదు, బాధపడ్డట్టు.

"సినిమాల నీ బిడ్డ గొంతు ఇన్నవా అక్కా?"

"నన్ను సూడనియ్యలే. తట్టుకోలేవు వదినె అన్నడు. రిమోటు ఆయన కాడనే ఉంటది. ధూపం ఏసుకుంట సంపిన్రట గద?" ఆమె మొదటిసారి తల ఎత్తింది. ఆ కళ్లలోకి చూడలేక పరశురాములు ఫోను తీశాడు.

"ఒక్కసారి ఇను అక్కా. గది నీ బిడ్డ..."

తెర మీద నాలుగు బొమ్మలు. నాలుగోది నొక్కాడు. గుండ్రం. గుండ్రం. గుండ్రం. కొమురెల్లి లేచి వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి పరశురాములు చెవికి తగులుతోంది.

"సిగ్నల్ రాదు సారూ మా ఇంట్ల," అన్నాడు. "గోడలు మందం. ఏం ఇనిపిద్దామని?"

"ఏం లేదు."

"నాలుగు అని ఉంది గద, అది మీదేనా?"

"జ్యోతిరాణిది."

"అచ్ఛా," అన్నాడు కొమురెల్లి. చెంబు ఎత్తి చూశాడు. "నీళ్లు పూరా తాగలే మీరు."

* * *

మార్కెట్ యార్డు గేటు దగ్గర చాయ్ బండి నీడలో ప్రేమ్‌సాగర్ దొరికాడు. ఒకప్పుడు కరీంనగర్‌లో క్రైమ్ వార్తలు రాసుకునేవాడు. పరశురాములు హోంగార్డుగా ఉన్న రోజుల్లో స్టేషను బెంచీ మీద ఇద్దరూ ఒకే బీడీ కట్ట పంచుకున్నారు. ఇప్పుడు అతని పేరు డాక్యుమెంటరీ చివర్లో 'స్థానిక పరిశోధన' అని పడుతుంది. నల్లకళ్లజోడు కూడా వచ్చింది.

"ఓ పరశన్నా! ఏం సంగతి, పెండ్లి సంబంధాలు బంద్ జేసినవా? అంతయ్యకు పిల్లను సూస్తున్నవా?"

"నీ సినిమాల ధూపం ఎవరేసిన్రు?"

"అంతయ్య. మూడో భాగం సూడలేదా?"

"హిందీల జూసిన."

ప్రేమ్‌సాగర్ చేతిలో చాయ్ గ్లాసు ఆగింది.

"నువ్వు పుట్టింది ఏడ?" అడిగాడు పరశురాములు. "ముంబైలనా? మీ అవ్వకు దూపైతే అగరువత్తులు ముట్టిస్తవా?"

"మెల్లగ మాట్లాడు."

"తెల్వక చేసినవ్ అనుకుంటిని. తెల్సే జేసినవ్. గది దూప అని ఇనంగనే తెల్సింది నీకు."

"నేన్ చెప్పిన!" ప్రేమ్‌సాగర్ కళ్లజోడు తీశాడు. కింద కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "మొదలు చెప్పిన. వాళ్లప్పటికే రాసుకున్నరు, సంగీతం గూడ కొట్టిన్రు. దూప అంటే కథ లేదన్నరు. ధూపం అంటే కథ ఉంది. నాకేం చెయ్యొస్తది? రెండో సీజన్ గూడ ఖాయమైంది. అయినా నిప్పు లేంది పొగ రాదన్నా, గా ముసలోడు అక్కడెందుకున్నడు?"

"నీ పొగ కింద నిప్పు లేదురా. గొంతెండి సచ్చిన పిల్ల ఉంది. పొద్దుమీకి ఇంకొక పీనుగ లేస్తది. గది గూడ తీసుకో, రెండో సీజన్ల పెట్టుకుందువు."

చాయ్ బండివాడు గిన్నె కడగడం ఆపి చూస్తున్నాడు. ప్రేమ్‌సాగర్ పరశురాములు చెయ్యి పట్టి గోడ వెనక్కి లాగాడు. "నాతోని అసలు ముక్క ఉంది. ఏమీ కొయ్యనిది. ఇస్తే నా కాంట్రాక్టు పోతది, కోర్టుకెక్కుతరు. ఇయ్య. ఒక్కసారి ఇను. ఒక్కసారే."

ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నాడు పరశురాములు. కళ్లు మూసుకున్నాడు.

అవ్వా. దూప. దూపైతుందే.

మొదటిసారి మాట విన్నాడు. ఇప్పుడు మాట చుట్టూ ఉన్నది విన్నాడు. ఆ గొంతు ఎక్కడా తగిలి తిరిగి రావడం లేదు. గదిలో మాట్లాడితే గోడలు పలుకుతాయి, ఒడ్డున మాట్లాడితే గాలి పలుకుతుంది. ఇక్కడ మాట నోట్లోంచి వచ్చి, వచ్చినచోటే మునిగిపోతోంది. మెత్తటిదేదో మింగేస్తున్నట్టు. దాని వెనక టక్... టక్... టక్. డాక్యుమెంటరీవాళ్లు గంటగా మార్చింది దీన్నే. ఇది గంట కాదు, రేకు మీద ఏదో పడుతున్న చప్పుడు. చివర్లో భూమి అదిరేలా దగ్గరగా, చాలా దగ్గరగా, రైలు కూత.

"గీ రైలు సినిమాల లేదు," అన్నాడు కళ్లు తెరిచి.

"అడ్డమని తీసేసిన్రు."

"ధర్మపురిల రైలుంటదా?"

ప్రేమ్‌సాగర్ పెదవులు తడుపుకున్నాడు. అతనికీ అప్పుడే తట్టినట్టుంది. "పరశన్నా, ఏడికి వోతున్నవ్? చెప్పు, నేను గూడ వస్త."

"కెమెరా పట్టుకొనా? నీ రెండో సీజన్ల చూసుకో పో."

పాత కోపం నోటిని నడిపించింది. ఆ మాట అన్నందుకు ఆ సాయంత్రంలోపే ఎంత ఏడవాల్సి వస్తుందో పరశురాములుకు అప్పుడు తెలియదు.

* * *

మాటను మింగేది పత్తి. పత్తి ఊళ్లో పుట్టినవాడికి అది ఒకరు చెప్పక్కర్లేదు. కానీ మే నెలలో మిల్లులు బంద్. పత్తి ఎక్కడుంటుంది? యార్డులో చెట్టు కింద తలపాగా మొహం మీద కప్పుకుని పడుకున్న హమాలీ ముత్తయ్యను లేపి అడిగాడు.

"రైలు పట్టాల పొంటి రేకుల గోదాములున్నయి గద," అన్నాడు ముత్తయ్య ఆవులిస్తూ. "రెండు ఖాళీ. మూడోదాంట్ల ఎప్పుడూ పత్తి ఉంటది. ధర లేస్తదని ఆపుతరు. లేవది, ఆపుడు మానరు."

"ఎవరిది?"

"పాత మిల్లు సేటుది. సేటు పోయిండు. తాళంచెయ్యి ఎవరికాడుందో మాకేం ఎరుక?"

గోదాములు మార్కెట్ వెనక, మనుషులు తిరగని చోట ఉన్నాయి. ఎండ రేకుల మీద నాట్యం చేస్తోంది. మూడోదాని ఇనుప తలుపుకు తాళం వేలాడుతోంది. వేసి లేదు, వేలాడుతోంది అంతే. తెరిచిన తలుపు దొంగకు భయం, డిటెక్టివుకు ఆశ. వెనుదిరిగి పొమ్మని కాళ్లు చెప్పాయి. పొద్దు వాలుతోందని బుద్ధి చెప్పింది. అతను బుద్ధి మాట విన్నాడు.

లోపల అడుగు పెట్టగానే చెవులు మూసుకుపోయినట్టయింది. కప్పుదాకా పత్తి. సందుల్లో ముక్కిపోయిన వాసన. "ఎవరన్న ఉన్నరా?" అన్నాడు. తన గొంతు తనకే వేరేవాడిదిలా వినబడింది. వచ్చినచోటే మునిగిపోయింది.

టక్.

తల తిప్పాడు. టక్. చప్పుడు లోపలిది కాదు. తలుపు రెక్క పక్కన, బయటి గోడకు ఆనుకుని ఉన్న నీళ్ల నల్లాది. కింద ఎవరో నూనె డబ్బా పెట్టారు. చుక్క చుక్క దాని రేకు మీద పడుతోంది.

పరశురాములు మోకాళ్ల మీద వంగి చూశాడు. తలుపు కింద నేల గుంటపడి ఉంది. కుక్క తవ్వితే మట్టి వెనక్కి చిమ్ముతుంది, గుంట పొడుగ్గా సాగుతుంది. ఇది పొడుగ్గా లేదు. ఒక మనిషి చెయ్యి భుజందాకా పట్టేలా, నల్లా వైపే తిరిగి ఉంది. తలుపు అడుగు రేకు బయటికి వంగి ఉంది. ఆ అంచున తుప్పులో ఇరుక్కుని గోరంత ముక్క మెరిసింది. గోరంత కాదు, గోరే. దాని మీద ఇంకా ఎర్రరంగు ఉంది.

అతను తన చేతిని ఆ గుంటలో పెట్టి చాపాడు. వేళ్లు డబ్బాకు జానెడు ఇవతలే ఆగిపోయాయి.

నీళ్ల చప్పుడు వింటూ, నీళ్లందక చచ్చింది ఆ పిల్ల.

ఫోను తీశాడు. తలుపు దగ్గర సిగ్నలు ఒక్క గీత ఉంది. ఆ చప్పుడూ ఈ చప్పుడూ ఒకటేనా, ఒక్కసారి పోల్చి వింటే చాలు. యాప్ తెరిచాడు. ఈసారి గుండ్రం తిరగలేదు. వెంటనే జవాబు వచ్చింది. మీరు సైన్ అవుట్ అయ్యారు.

మళ్లీ నొక్కాడు. పాస్‌వర్డ్ తప్పు.

అంతలో ఫోను మోగింది. మొబైల్ దుకాణం వినోద.

"అన్నా, జ్యోతి మీ నంబరిచ్చింది. మొత్తుకుంటుంది పాపం. పాస్‌వర్డు ఎవరో మార్చిన్రు, అందరూ బయటవడ్డరు. నవ్యశ్రీ గూడ సీరియల్ ఆగిందని నా మీద కొట్లాటకొచ్చింది. నేనేమో మార్చలే, జ్యోతి మార్చలే..."

"నాలుగోది ఎవరిది అమ్మా?" అడిగాడు పరశురాములు. "పేరు లేనిది. నాలుగు అని ఉన్నది."

"గదే గద చెప్తున్న. నాలుగోది సారక్క ఇంటి టీవీది. కొమురెల్లన్న వెట్టిచ్చుకున్నడు. హిందీల ఎట్ల చూడాలె అని నన్నే అడిగి నేర్సుకున్నడు. గిప్పుడు ఫోన్ ఎత్తుతలేడు. అన్నా, ఇంకొక మాట. జ్యోతి ఇంటిముందట అప్పుడే మంది జమైతున్రట. జల్ది..."

వెలుగు సన్నగిల్లింది. ఎండ ఒక గీతగా సన్నబడి, దారమై, తెగిపోయింది. ఇనుప తలుపు మూసుకున్న చప్పుడును కూడా పత్తి మింగేసింది. చెవి దగ్గర వినోద గొంతు సగం మాటలో ఆగింది. తెర మీద ఆ ఒక్క గీత లేదు.

బయట తాళం పడింది.

"సారూ," అంది గొంతు. మర్యాదగా ఉంది. చెంబుతో నీళ్లిచ్చిన గొంతే.

"కొమురెల్లీ! తలుపు తియ్! నేన్ వచ్చిన సంగతి ప్రేమ్‌సాగర్‌కు ఎరుక!"

"ఎరుక లేదు సారూ. మీరు చెప్పలే. చాయ్ బండికాడ ఇన్న నేను."

పరశురాములు రెండు చేతులా తలుపును బాదాడు. ఆ బాదుడు అతనికే సరిగా వినబడలేదు.

"నేను సంపలే సారూ." అవతల గొంతు తలుపుకు ఆనుకుని మాట్లాడుతోంది. "మా అన్న పోయినంక నా బిడ్డ లెక్క పెంచిన. ఎవనితోనో పోత అన్నది. రెండొద్దులు మూసిపెడితే దారికొస్తదనుకున్న. గా రెండొద్దులల్ల మంచి సంబంధం ఖాయం జేసుకొస్తననుకున్న. పిల్లగానోళ్లు ఇంకో రెండొద్దులు ఉండుమన్నరు. పెండ్లి మాటలు సారూ. మద్దెల లేసి రావొస్తదా? నీళ్ల సంగతి నాకు యాదికి రాలే. నిజంగ రాలే. తిరిగొచ్చేసరికి సచ్చివడి ఉంది, ధర్మపురి దాంక తీస్కపోయి గోదావరిల ఇడిసిన."

టక్. టక్.

"నెల సంది ఇంటున్న. దాని గొంతెనుక నా గొంతు ఎక్కడన్న ఉందా అని. లేదు. అయినా బంద్ జేస్తె నిద్ర పడుతలేదు, పెడితే నిద్ర పడుతలేదు."

"ముసలోన్ని సంపుతరు కొమురెల్లీ. నీ పాపానికి గా ముసలోన్ని..."

"పొద్దుమీకి గా పని అయిపోతది. తర్వాత ఎవ్వరూ అడుగరు." బట్టలు దులుపుకున్న చప్పుడు. నల్లా ఎవరో కొంచెం విప్పినట్టుంది, చుక్కల మధ్య ఎడం తగ్గింది. టక్ టక్ టక్ టక్. ఎందుకు విప్పాడో, దయతోనో మరి దేనితోనో, పరశురాములుకు అర్థం కాలేదు. నాలుక అప్పుడే అంగిలికి అంటుకుంటోంది. సగం వదిలేసిన చెంబు గుర్తొచ్చింది.

"మీరు జర ఓపిక వట్టున్రి సారూ," అంది గొంతు దూరం జరుగుతూ. "నేను ఆదిలాబాద్ దాంక పోయొస్త."